మూడోసారి చెప్పిన పేరు

చింతలవాగు పంచాయతీకి రాజ్యశ్రీ ఉపసర్పంచిగా ఎన్నికైన సాయంత్రమే ఊరి వాట్సాప్ గ్రూపులో శుభాకాంక్షల పోస్టరు పడింది. చుట్టూ బంతిపూలు, కింద దండం పెట్టే చేతులు, మధ్యలో పెద్ద ఫొటో. చిక్కేమిటంటే ఆ ఫొటో ఆమెది కాదు. రెండు జడలు ముందుకు వేసుకుని, మైకు ముందు కళ్లు మూసుకుని పాడుతున్న ఒక సన్నటి మనిషిది. ఒకప్పుడు రేడియోలో లలిత గీతాలు పాడి ఇంటింటా పేరు మోగిన గాయని రాజ్యశ్రీది.

పోస్టరు చేసింది నాని. జూలూరుపాడు సెంటర్లో సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు అతనిది, గ్రూపుకు అడ్మిన్ కూడా అతనే. ఫోన్లో పేరు కొట్టాడు, మొదట వచ్చిన ఫొటో అతికించాడు, గిరాకీ మధ్యలో చూసుకోకుండా పంపేశాడు. తప్పు తెలిసి తీసేసేలోపు ఊరు ఊరుకుంటుందా.

"అక్క గింత సన్నగ ఎప్పుడైంది? ఎలచ్చన్ల తిరుగుడుకేనా?" అని ఒకరు.

"ప్రమాణ స్వీకారానికి హార్మోనియం పంచాయతీ తెస్తదా, మనమే తేవాల్నా?" అని ఇంకొకరు.

ఆ రోజు అంటుకున్న హాస్యం నెల దాటినా వదల్లేదు. రెండో వార్డులో నల్లా రావట్లేదని ఎవరో పెడితే, అక్కను ఓ వాన పాట ఎత్తుకోమను అని జవాబు. బడి దగ్గర స్తంభానికి లైటు లేదంటే, వెన్నెల పాట పెట్టుకుని నడువు అని జవాబు. మోరీ నిండి నీళ్లు రోడ్డు మీదికి వస్తున్నాయని ఫొటో పెడితే నాని స్వయంగా రాశాడు: "ఇంక ఆలాపనే నడుస్తంది. పల్లవి అయినంక మోరీ కాడికొస్తరు."

రాజ్యశ్రీ వీటికి ఉడుక్కునే మనిషి కాదు. మూడెకరాల పత్తి, పదేళ్ల మహిళా సంఘం మీటింగులు, వార్డు మెంబరుగా ఇంటింటికీ తిరిగిన తిరుగుడు, ఇవన్నీ ఆమె చర్మాన్ని బాగానే మందం చేశాయి. "నేను పాడితే ఊరు ఖాళీ అయితది. మోరీ రేపు తీపిస్తున్న" అని రాసి పనిలో పడిపోయింది. ఆ మాట నిజమే. బతుకమ్మ ఆటలో ఆడవాళ్లు ఆమెను చప్పట్లకు మాత్రమే పెట్టుకుంటారు, గొంతు కలపబోతే మోచేత్తో పొడుస్తారు. అంత గొప్ప గాయని పేరు మోస్తున్న మనిషికి దేవుడు ఆ గొంతులో ఒక్క పిసరు కూడా వేయలేదు.

ఆ పేరు పెట్టించింది ఆమె నాన్న జంపయ్య. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

జంపయ్య ఇల్లు ఊళ్లో లేదు. వాగుకు ఇవతల, రోడ్డు పక్కన, సొంత చేలోనే ఉండేది. గోదావరి భద్రాచలాన్ని ముంచెత్తిన ఎనభై ఆరు ఆగస్టులో, ఎడతెరిపి లేని వానకు ముందున్న వాగు, వెనకున్న కల్వర్టు రెండూ మునిగాయి. తల్లాడలో ప్రోగ్రాం ముగించుకుని పాల్వంచ వెళ్తున్న ఒక ఆర్కెస్ట్రా వ్యాను ఎటూ పోలేక సరిగ్గా ఆయన చేను ముందు ఆగింది. ఆ వ్యానులో రేడియో రాజ్యశ్రీ ఉందని, మూడు రోజులు తన ఇంట్లోనే తిని పడుకుందని జంపయ్య చెప్పేవాడు.

కథ అక్కడితో ఆగదు. ఆ మూడు రోజుల్లోనే ఆయన కూతురికి ఇరవై ఒకటో రోజు వచ్చింది. ఆ రోజు బిడ్డను తొట్టెలో వేసి, మేనత్త ఆ బిడ్డ చెవిలో మూడుసార్లు పేరు చెప్పాలి. మేనత్త లేకుండా పేరు పెట్టే ఆనవాయితీ వాళ్ల ఇంట్లో లేదు. ఉన్న ఒక్కగానొక్క మేనత్త ఏన్కూరులో, మునిగిన కల్వర్టుకు అవతల ఉండిపోయింది. రోజు దాటించడానికి జంపయ్య తల్లి ససేమిరా అంది. దాంతో వానకు చిక్కిన ఆ గాయనినే ఇంటి ఆడబిడ్డ అనుకుని పీట మీద కూర్చోబెట్టారు. ఆమె బిడ్డ చెవిలో తన పేరే చెప్పింది. తొట్టె ఊపుతూ ఒక జోల పాట కూడా పాడింది. వెళ్లే రోజున జంపయ్య భార్య ఆమె ఒళ్లో ఒడిబియ్యం పోసి, సొంత ఆడబిడ్డను సాగనంపినట్టు సాగనంపింది.

ఊరు నమ్మలేదు. వాగుకు అవతల ఉన్న ఊరికి కనిపించింది ఒక్కటే, నాలుగోనాడు నీళ్లు తీశాక ఆగకుండా వెళ్లిపోయిన వ్యాను. ఇంటివాళ్లు కాక కళ్లారా చూసిన సాక్షి పక్క చేను రాఘవమ్మ ఒక్కతే. ఆమె జంపయ్యకు వరసకు వదిన కాబట్టి ఆ సాక్ష్యం చెల్లదని హోటలు బెంచీల మీద తీర్పు చెప్పేశారు. అప్పటి నుంచి ఆయన కోతల జంపయ్య అయిపోయాడు.

మనిషి మాత్రం మాట మార్చలేదు. ప్రతి ఆగస్టులో రేడియో స్టేషను చిరునామాకు ఒక కార్డు రాసేవాడు. "చెల్లెమ్మ గారికి, మీ మేనకోడలు నడుస్తున్నది." మరుసటి ఏడు, "మీ మేనకోడలు మాటలు నేర్చింది, చాలా మాట్లాడుతున్నది." తర్వాత బడి, పదో తరగతి, పెళ్లి. జవాబు ఒక్కసారి కూడా రాలేదు. "పాటల్ల పడి ఆమెకు తీరిక ఉండదులే" అనేవాడు, ఎదుటివాడు నవ్వుతున్నా తనకు పట్టనట్టు. మూడేళ్ల కిందట ఆయన పోయినప్పుడు పాడె వెనక నడుస్తున్నవాళ్లలో ఎవరో, ఇంక రేడియోకు కార్డులు ఎవరు రాస్తరో అన్నారు. రాజ్యశ్రీ ఆ మాట విన్నది. ఏడుపు మధ్యలో విన్నది కాబట్టి మరచిపోలేదు.

ఈ జనవరిలో అనిల్‌కుమార్ ఆ పుండు మీదే చెయ్యి వేశాడు. అతను ఉపసర్పంచి పదవికి రాజ్యశ్రీతో పోటీపడి ఒక్క ఓటుతో ఓడిన వార్డు మెంబరు. ఎక్కడ దొరికిందో గాని, చనిపోయిన ఆ గాయని పాత ఇంటర్వ్యూ ముక్క ఒకటి గ్రూపులో పెట్టాడు. భద్రాద్రి రాముడి మీద అన్ని పాటలు పాడారు కదా, భద్రాచలం ఎన్నిసార్లు వెళ్లారని అవతలి మనిషి అడుగుతాడు. ఆవిడ నవ్వుతుంది. "ఒక్కసారీ వెళ్లలేదండీ. నాకు స్టూడియో, ఇల్లు తప్ప వేరే లోకం తెలీదు. ఖమ్మం జిల్లాలో నేను అడుగే పెట్టలేదు."

చింతలవాగు అప్పట్లో ఖమ్మం జిల్లాలోదే. గ్రూపు గుప్పుమంది. నవ్వి నవ్వి కన్నీళ్లు కార్చే బొమ్మలు బారెడు దిగాయి. అది చాలదన్నట్టు నాని తన పాత ఫోన్లోంచి ఏదో పెళ్లిలో తీసిన వీడియో తవ్వి తీశాడు. అందులో జంపయ్య పందిరి గుంజకు ఆనుకుని, చేతిలో విస్తరి పట్టుకుని, కథంతా చెప్పి, చివర ఆ జోల పాట ఎత్తుకున్నాడు.

"వాగొచ్చి ఆపింది మేనత్తను..."

గొంతు అక్కడ పగిలింది. నాని ఆ పగిలిన చోటే కోసి, ముందు గాయని మాట, వెనక జంపయ్య పాట అతికించి, "అసలు రాజ్యశ్రీ, మా ఊరి జంపయ్య" అని పేరు పెట్టి బయటికి వదిలాడు. ఇలాంటి పాట రాజ్యశ్రీ పాటల్లో ఎక్కడా లేదని వెతికి చెప్పే పెద్దమనుషులు కూడా కింద తయారయ్యారు. మూడు రోజుల్లో జనం దాన్ని నలభై వేలసార్లు చూశారు.

ఆ నలభై వేలలో వందసార్లు రాజ్యశ్రీవే అయి ఉంటాయి. నాన్న గొంతు మళ్లీ వింటానని ఆమె అనుకోలేదు. పత్తి చేలో మధ్యాహ్నం కూలీలు అన్నాలకు కూర్చుంటే, ఆమె గట్టు అవతలికి పోయి ఫోను చెవికి ఆనించుకునేది. ముందు వచ్చే గాయని మాటను వేలితో దాటించి, తిన్నగా నాన్న దగ్గరికి వెళ్లేది. చిన్నప్పుడు ఎడ్లబండి మీద ఆయన వీపుకు ఆనుకుని ఎన్ని వందలసార్లు విన్నదో ఆ పాట. ఆయన వీపులోంచి పాట తన చెంపకు తగిలేది. ఇప్పుడు దానికింద ఎవరెవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు నవ్వుతున్నారు.

"మా నాయన అబద్ధమాడడు" అని గ్రూపులో రాసింది.

"అక్కా, నీ మీద మాకేం లేదు" అని అనిల్‌కుమార్ రాశాడు. "తాత జోకులేసేటోడు, మేము నవ్వుకుంటున్నం. రాలేదని ఆమే చెప్పింది గద. ఇంకేం జెయ్యాలె?"

ఆమె గ్రూపు మూసేసింది. అంతకంటే పెద్ద బాధ వేరే ఉంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆమెకే అనుమానం వచ్చింది. నాన్న నిజంగానే కోశాడా? తనను మురిపించడానికి ఒక కథ అల్లి, చెప్పీ చెప్పీ తనే నమ్మేశాడా? అడుగుదామంటే అమ్మ ఎప్పుడో పోయింది. తిన్నగా రాఘవమ్మ దగ్గరికి వెళ్లింది.

రాఘవమ్మకు ఎనభై దాటాయి. ఎండలో మంచం వేసుకుని చింతపండు గింజలు తీస్తోంది.

"పెద్దమ్మా, ఒట్టేసి చెప్పు. ఆమె వచ్చిందా?"

"వచ్చింది బిడ్డా. ఈ కండ్లతోటి చూసిన. తడిసిన చీర ఆరేసుకోనీకి నా చీరే ఇచ్చిన."

"రాలేదని ఆమెనే చెప్తంది గదనే, ఫోన్ల."

రాఘవమ్మ గింజ తీయడం ఆపి ఆమె ముఖంలోకి చూసింది. "అయితే మీ ఇంట్ల మూడొద్దులు తిన్నదెవరే?"

ఆ ప్రశ్నకు జవాబు నాలుగు రోజుల తర్వాత ఫోన్లో వచ్చింది. తెలియని నంబరు. తన పేరు శాంతికుమార్ అని, పాల్వంచ థర్మల్ ప్లాంటులో పనిచేస్తానని చెప్పాడు. "మేడం, ఆ వీడియో నేను టిఫిన్ తినుకుంట పెట్టిన, నవ్వుకోనీకే. మా అమ్మ వంటింట్ల నుంచి ఉరికొచ్చింది. అప్పటిసంది మీ దగ్గరికి తోలుకపొమ్మని ఒకటే పోరు. మోకాళ్లు సక్కగ లేవు, బస్సెక్కలేదు. మీరే ఒకసారి రాగలుగుతరా?"

రాజ్యశ్రీ మరునాడే బయల్దేరింది. కొత్తగూడెంలో బస్సు మారి, పాల్వంచ పొగ గొట్టాలు కనిపించేదాకా ఆమె ఒళ్లో చేతులు ఒకదాన్నొకటి పట్టుకునే ఉన్నాయి. నిజం తేలబోతోంది. అది నాన్న వైపు తేలకపోతే ఆ పేరు పెట్టుకుని తను ఎలా తిరగాలో ఆమెకు తెలియలేదు.

శాంతికుమార్ తల్లి పేరు ఇన్నమ్మ. ప్లాంటు కాలనీ క్వార్టరు ముందు గదిలో, మరియమ్మ పటం కింద కుర్చీలో కూర్చుని ఉంది. డెబ్బై ఏళ్ల మనిషి, నెరిసిన జుట్టు గట్టిగా ముడివేసింది. రాజ్యశ్రీని చూడగానే లేవబోయి లేవలేక చేతులు చాచింది. పలకరింపులు లేవు, కుశల ప్రశ్నలు లేవు. చేతులు పట్టుకుని కూర్చోబెట్టి, గొంతు సవరించుకుని పాడింది.

"వాగొచ్చి ఆపింది మేనత్తను,
వానొచ్చి తెచ్చింది ఈ అత్తను..."

రాజ్యశ్రీ ముందుకు జరిగింది. రెండో పాదం వీడియోలో లేదు, నాని కోసేశాడు. అది చింతలవాగు దాటి బయట ఎవరికీ తెలిసే వీలే లేదు. నాన్న గొంతులో ఎప్పుడూ గతుకుల రోడ్డు మీద బండిలా నడిచిన పాట, ఈ ముసలి గొంతులో ఇప్పటికీ నీళ్లలా జారిపోయింది.

"ఇది రాజ్యశ్రీ గారి పాట గాదు బిడ్డా" అంది ఇన్నమ్మ. "నేను కట్టింది. ఆ పూట, మీ తొట్టె కాడనే."

తర్వాత అంతా చెప్పింది. అప్పుడు ఆమె ప్లాంటు క్యాంటీన్లో వంట చేసేది. ఆదివారం చర్చిలో పాడేది. ఆ గొంతు విని కిషన్‌లాల్ అనే ఆయన తన ఆర్కెస్ట్రాలోకి తీసుకున్నాడు. ఆర్కెస్ట్రాలో ఒక పద్ధతి ఉండేది. ఎవరి పాటలు పాడితే వాళ్ల పేరు. పోస్టర్ల మీద ఆ పేరే, మైకులో పిలిచేది ఆ పేరే. పల్లెల్లో జనం నిజం రాజ్యశ్రీయే అనుకుని దండలు వేసేవాళ్లు.

"వ్యాను ఎక్కినకాడి నుంచి ఇంట్ల దిగేదాకా నీ పేరు నీకుండదు అనేటోడు కిషన్‌లాల్. ఆ దినం పొద్దుగూకేటాళ్లకు మీ నాయన గొంగడి కప్పుకొని వానల వచ్చిండు. ఎవరమ్మా మీరు అని అడిగిండు. నేను నోరు తెరిచేలోపే, రేడియో రాజ్యశ్రీ గారు అని కిషన్‌లాల్ అన్నడు. ఎండిన ఇల్లు దొరుకుతదని ఆయన ఆశ. మీ నాయన ఆ బురదల్నే చెప్పులిడిచి దండం పెట్టిండు."

"మరి తర్వాత చెప్పలేదా?"

"మూడొద్దుల్ల మూడుసార్లు నోటిదాంక వచ్చింది. మీ అమ్మ బాలింత, ఆమె మంచం నాకిచ్చి చాప మీద పండుకున్నది. ఎట్ల చెప్పాలె? ఆఖరి దినం చెప్పుదామనుకున్న. ఒళ్లె బియ్యం పోసుకుంట, మల్ల రా వదినా అన్నది మీ అమ్మ. నాకు తోడబుట్టినోళ్లు లేరు బిడ్డా. పుట్టింటి బియ్యం అంటే ఎట్లుంటదో గప్పుడే తెలిసింది. నోరు పెగలలేదు." ఇన్నమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "తర్వాత సిగ్గయింది. ఖమ్మం పోయే బస్సెక్కితే మీ చేను అవతలి పక్క కిటికీ చూసి కూసునేదాన్ని."

రాజ్యశ్రీ అప్పుడు కార్డుల సంగతి చెప్పింది. మీ మేనకోడలు నడుస్తున్నది, మీ మేనకోడలు మాట్లాడుతున్నది. వింటున్నంతసేపు ఇన్నమ్మ కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని ఉంది. "ఎన్నేండ్లు రాసిండు?" అని మాత్రం అడిగింది. చేతనైనన్నాళ్లూ రాశాడని రాజ్యశ్రీ చెప్పింది. ఇద్దరూ ఏడ్చారు. శాంతికుమార్ టీ చేసే నెపంతో లోపలికి పోయాడు.

టీ తెచ్చాక అతనే ఒక ఉపాయం చెప్పాడు. "మేడం, అమ్మ రాజ్యశ్రీ గారి పక్కన కోరస్ పాడేదని చెప్తే అయిపోతది. ఆమె వచ్చింది నిజమే, నేను చూసిన అని అమ్మ ఒక్క మాటంటే ఎవరు కాదంటరు? పెద్దాయన మాట నిలబడతది, అమ్మకు చెడ్డపేరు రాదు."

రాజ్యశ్రీ టీ గ్లాసు కింద పెట్టింది. ఆశ పుట్టలేదంటే అబద్ధం. నిజం చెబితే ఊళ్లో కోతల జంపయ్య పోయి ఎడ్డి జంపయ్య అవుతాడు. క్యాంటీన్ వంటమనిషిని చూసి రేడియో గాయని అనుకుని ఏళ్లకేళ్లు కార్డులు రాసిన అమాయకుడని మళ్లీ నవ్వుతారు. ఈ అబద్ధం ఆడితే అనిల్‌కుమార్ నోరు రేపే మూతపడుతుంది. కానీ నాన్న ముఖం గుర్తొచ్చింది. అంతమంది అన్నేళ్లు నవ్వినా ఆయన ఒక్క మాట అటూ ఇటూ మార్చలేదు. చూసింది చూసినట్టే చెప్పాడు.

"వద్దన్నా" అంది చివరికి. "ఆయన నిజమే చెప్పిండు. దానికి నేను అబద్ధం కలుపుతే ఇన్నేండ్లు మాటలు పడ్డదంతా దండగైతది. అమ్మకు ఇష్టం లేకుంటే ఎవరికీ చెప్పను, నాకు తెలిసింది, చాలు."

ఇన్నమ్మ రాజ్యశ్రీ ఒళ్లోని ఫోను వైపు చూపించింది. "పట్టు ఇటు. డెబ్బై ఏండ్లొచ్చినయి. ఇంకా ఎవల పేరుతోటి బతకాలె."

ఆ మధ్యాహ్నం చింతలవాగు గ్రూపులో ఉపసర్పంచి ఫోను నుంచి ఐదు నిమిషాల వాయిస్ మెసేజ్ ఒకటి వచ్చింది. ముందుమాట లేదు, దిద్దుబాటు లేదు. "నా పేరు ఇన్నమ్మ. పాల్వంచ. జంపన్న ఇంట్ల మూడొద్దులు ఉన్నది నేను" అని మొదలైంది. చివర పాట, రెండు పాదాలూ.

విన్నట్టు గుర్తులు పడుతున్నాయి గాని నవ్వు బొమ్మ ఒక్కటీ దిగలేదు. మొదట వచ్చింది రాఘవమ్మ గొంతు, మనవరాలి ఫోన్లో. "గదే గొంతు. నేను చెప్తే ఇన్నర్రా మీరు?" అంతే, ఆగిపోయింది.

అనిల్‌కుమార్ టైపు చేస్తున్నట్టు చాలాసేపు కనిపించి, ఆగి, మళ్లీ కనిపించి, చివరికి ఒక్క వాక్యం దిగింది. "జంపయ్య తాత కోతలు కొయ్యలే, మనమే కోసినం." నాని వీడియో తీసేశాడు. ఆపై అర్ధగంటకు, తప్పు దిద్దుకున్నాను కదా, ఇంక భయమేంటన్నట్టు రాశాడు: "అక్కా, ఆ పాట కాపీ నాకు పంపు. పూర్తిది పెడత. ఈసారి కొయ్యను. మోరీ సంగతి మాత్రం మరువకు." ఎడ్డి జంపయ్య అని ఎవరూ అనలేదు. అనలేదంటే మంచివాళ్లయిపోయారని కాదు, ఆ గొంతు విన్నాక ఎవరికీ అలా తోచలేదు.

తర్వాతి ఆదివారం శాంతికుమార్ కారు కిరాయికి మాట్లాడుకుని తల్లిని తీసుకొచ్చాడు. చేలోని పాత ఇల్లు పడిపోయి, దాని జాగాలోనే రాజ్యశ్రీ రెండు గదుల స్లాబు ఇల్లు కట్టుకుంది. కారు దిగుతూనే ఇన్నమ్మ ఇంటిని కాదు, రోడ్డును చూసింది. వ్యాను ఆగిన చోటును వేలితో చూపించింది. రాఘవమ్మ కర్ర ఊతంగా ఎదురొచ్చి, "వచ్చినవా ఆడిబిడ్డా? తొవ్వ గిప్పుడు దొరికిందా?" అంది. "నా చీర తెచ్చినవా మరి?" అని కూడా అడిగింది. ముసలివాళ్లిద్దరూ ఒకరి భుజం మీద ఒకరు నవ్వారో ఏడ్చారో తెలియలేదు.

నాని ఫోను పట్టుకుని హాజరు. అనిల్‌కుమార్ కుర్చీలు మోసుకొచ్చి వేశాడు, ఎవరూ అడగకుండానే. రాజ్యశ్రీ నడింట్లో పీట వేసి, ఇన్నమ్మను కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం పళ్లెంలో తెచ్చింది. చర్చికి పోయే మనిషివి, నీకు అభ్యంతరం లేదు కదా అని ముందే ఫోన్లో అడిగింది. "అప్పుడు లేనిది ఇప్పుడేంది" అంది ఇన్నమ్మ. కొంగు చాచి పట్టుకుంది.

మొదటి దోసిలి పోసింది. రెండోది పోసింది. మూడోది పోయబోతుంటే ఇన్నమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఒక మాట మిగిలింది బిడ్డా. ఫోన్ల చెప్పలేదు. ఆ దినం నీ చెవిల మూడుసార్లు పేరు చెప్పమన్నరు. రెండుసార్లు రాజ్యశ్రీ అన్న, అందరు ఇన్నరు. మూడోసారి బిడ్డకొక్కదానికే ఇనబడాలె, మెల్లగ చెప్పు అన్నది మీ నాయనమ్మ." ఆమె గొంతు తగ్గింది. "ఆ పసిచెవిల అబద్ధం చెప్పబుద్ధి కాలే. ఇన్నమ్మ అని చెప్పిన."

రాజ్యశ్రీ దోసిట్లో బియ్యం అలాగే ఉండిపోయాయి. కార్డులన్నీ చేరని చిరునామాకు పోయాయని వారం రోజులుగా కుమిలిపోతోంది. నాన్న ఎవరి కోసం అంతగా వెతికాడో ఆ మనిషి పేరు, ఇన్నేళ్లూ తన చెవిలోనే ఉందన్నమాట. ఆయన పక్కనే, ఆయన వీపుకు ఆనుకుని. ఏడుపు ముంచుకొచ్చింది, దానితోపాటే నవ్వూ వచ్చింది.

బియ్యం ఒడిలోకి వదిలి, ఆమె పీట ముందు మోకాళ్ల మీద కూర్చుంది. జుట్టు వెనక్కి తోసుకుని, తల వంచి, చెవి ఇన్నమ్మ నోటి దగ్గర పెట్టింది.

"ఇంకొకసారి చెప్పత్తా" అంది. "అప్పుడు నాకు ఇరవై ఒక్క రోజులే. యాదిలేదు."

ఇన్నమ్మ చెప్పింది. ఈసారి కూడా మెల్లగానే చెప్పింది కాబట్టి, నాని ఫోన్లో ఆ మాట పడలేదు.